మొదటి ప్రింటు వచ్చేదాకా: ఒక ట్యాక్స్ ఆఫీసులో ఆరు సిస్టమ్‌లు, మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు

"విండోస్ ఈజీనా, లినక్స్ ఈజీనా?" అని ఎవరైనా అడిగితే నేను ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తాను. మీ సిస్టమ్‌లో విండోస్ ఎవరు వేశారండీ? "కొన్నప్పుడే ఉంది" అంటారు, లేదంటే "షాపతను వేసిచ్చాడు" అంటారు. అంటే తాము ఏనాడూ వేయని విండోస్‌ని, ఒక ఆదివారం కూర్చుని తామే వేసుకున్న, ఉచితంగా దొరికే లినక్స్‌తో పోలుస్తున్నారు. పెళ్లిభోజనానికీ సొంత వంటకీ పోటీ పెట్టినట్టుంటుంది. మాక్ అయితే ఎవరూ వేయరు, డబ్బాలోంచి తీస్తారంతే.

అందుకే మూడింటినీ ఒకే చోట, ఒకే చేత్తో, ఒకే వారాంతంలో వేసే అవకాశం వచ్చినప్పుడు కాగితం మీద టైము రాసుకున్నాను. నా లెక్క డెస్క్‌టాప్ కనిపించగానే ఆగదు. ఆ సీట్లో కూర్చునే మనిషి తన రోజువారీ పని ఒకటి చేసి, దాని ప్రింటు బయటికి తీసేదాకా గడియారం నడుస్తూనే ఉంటుంది.

ఆఫీసు

తెనాలిలో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసు. అక్కడి కంప్యూటర్లు పదేళ్లుగా నేనే చూస్తున్నాను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు ముగిసింది. సార్ పేపర్లో చదివి ఫోన్ చేశారు. "ఏమయ్యా, మన కంప్యూటర్లన్నీ ఆగిపోతాయటగా?" ఆగిపోవు సార్, సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగుతాయి, వ్యక్తిగతంగా వాడుకునేవాళ్లకి 2026 అక్టోబరు 13 దాకా పొడిగింపు కూడా ఉంది అని చెప్పాను. కానీ ఆయన దగ్గర వందల మంది క్లయింట్ల పాన్‌లు, పాస్‌వర్డ్‌లు ఉంటాయి. ఎప్పటికైనా మార్చాల్సిందే. నవంబరు 20న జీఎస్టీ రిటర్నుల గడువు పోయాక, 22 శనివారం పొద్దున పదికి పని మొదలుపెట్టాం.

ఆరు సిస్టమ్‌లు. అకౌంటెంట్ దగ్గర 8వ తరం ఐ5 డెస్క్‌టాప్, ట్యాలీ, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు (రిటర్నుల మీద సంతకానికి పెట్టే యూఎస్‌బీ పుల్లలు) అన్నీ దాంట్లోనే. సార్ కొత్తగా కొన్న 12వ తరం ల్యాప్‌టాప్, ధర తగ్గుతుందని ఓఎస్ లేకుండా తీసుకున్నారు. వెనక గదిలో ఇద్దరు కుర్రాళ్లు పోర్టల్ పనులు చూసే 4వ తరం ఐ3 డెస్క్‌టాప్‌లు రెండు. డీటీపీ చేసే అక్క దగ్గర 6వ తరం మిషన్ ఒకటి. సార్ పెద్దబ్బాయి బెంగళూరు నుంచి చెల్లెలికి పంపిన ఎం1 మాక్‌బుక్ ఎయిర్ ఒకటి.

విండోస్ 11 అడిగేవి తెలిసినవే: యూఈఎఫ్ఐ (సిస్టమ్‌ని లేపే ప్రోగ్రాం, పాత బయోస్‌కి కొత్తరూపం), సెక్యూర్ బూట్ (నమ్మకమైన ఓఎస్‌నే లేవనిచ్చే కాపలా), టీపీఎం 2.0 (రహస్య కీలు దాచే సెక్యూరిటీ చిప్), 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్, జాబితాలో ఉన్న ప్రాసెసర్. ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం నుంచే. అంటే ఆరింటిలో రెండే లోపలికి వస్తాయి. అడ్డదారిలో పాతవాటి మీద వేసేవాళ్లున్నారు. నేను ఆఫీసుల్లో వేయను. రేపు ఏదో పెద్ద అప్‌డేట్ వేయనని మొండికేస్తే గడువు రోజున ఫోన్ నాకే వస్తుంది.

అకౌంటెంట్ సిస్టమ్

పాత విండోస్ మీదే అప్‌గ్రేడ్ కాబట్టి ఇది తేలిగ్గా అయిపోతుందనుకున్నాను. అర్హత చూసే మైక్రోసాఫ్ట్ టూలు "కుదరదు" అంది. ప్రాసెసర్ జాబితాలో ఉంది, మరి కుదరకపోవడమేంటి? బయోస్‌లోకి వెళ్తే సంగతి అర్థమైంది. టీపీఎం పని చేసే ఇంటెల్ పీటీటీ బోర్డులోనే ఉంది, కాకపోతే ఆఫ్‌లో ఉంది. పైగా సిస్టమ్ అసెంబుల్ చేసినప్పుడు పాత అలవాటు ప్రకారం లెగసీ అనే పాత బయోస్ మోడ్‌లో, ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతి డిస్కు మీద విండోస్ వేసి ఉంది. యూఈఎఫ్ఐకి మారిస్తే డిస్కు జీపీటీ అనే కొత్త పద్ధతిలో ఉండాలి.

దీనికి విండోస్‌లోనే ఎంబీఆర్‌టుజీపీటీ అనే టూల్ ఉంది. డేటా పోకుండా మార్చేస్తుంది. మార్చడం కుదురుతుందో లేదో ముందు వాలిడేట్ చేశాను. ఫెయిల్. ఒక నిమిషం బుర్ర గోక్కున్నాక డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచాను: సిస్టమ్ రిజర్వ్‌డ్, సీ, డీ, ఈ. మొత్తం నాలుగు ప్రైమరీ పార్టిషన్లు. ఆ టూలుకి మూడుకు మించి ఉండకూడదు, మార్చేటప్పుడు తన బూట్ పార్టిషన్‌కి చోటు కావాలి దానికి. మన దగ్గర సిస్టమ్ అసెంబుల్ చేసిన ప్రతివాడూ సీ, డీ, ఈ అని మూడు ముక్కలు చేసి ఇవ్వడం ఒక ఆచారం. డిస్కు చిన్నదైనా సరే, మూడు ముక్కలు చేయకపోతే కస్టమర్‌కి తృప్తి ఉండదు. ఈ అనే ఆ చివరి డ్రైవ్‌లో చూస్తే 2019 నాటి బ్యాకప్, నాలుగు సినిమాలు. బ్యాకప్‌ని ఎక్స్‌టర్నల్ డిస్కులోకి లాగి, అకౌంటెంట్ గారిని రెండుసార్లు అడిగి, ఆ పార్టిషన్ తీసేశాను. రెండోసారి వాలిడేట్ పాస్. కన్వర్ట్‌కి నిమిషం కూడా పట్టలేదు. బయోస్‌లో లెగసీ తీసేసి యూఈఎఫ్ఐ, పీటీటీ, సెక్యూర్ బూట్ మూడూ ఆన్ చేస్తే పాత విండోస్ ఏమీ ఎరగనట్టు లేచింది.

ఈ తతంగానికి గంటా పది నిమిషాలు. ఆ తర్వాత అప్‌గ్రేడ్ సుమారు 50 నిమిషాలు, అందులో నేను చేయాల్సిందేమీ లేదు. కానీ అది పూర్తయ్యాక ఐదు నిమిషాల్లో ట్యాలీ తెరుచుకుంది, టోకెన్ పెడితే సర్టిఫికెట్ కనిపించింది, పక్కనే ఉన్న పాత లేజర్ ప్రింటర్ మీద ఇన్వాయిస్ ప్రింటు వచ్చింది. ఒక్క డ్రైవర్ కూడా కొత్తగా వేయలేదు.

సార్ ల్యాప్‌టాప్

అకౌంటెంట్ సిస్టమ్ అప్‌గ్రేడ్ అవుతుండగా ల్యాప్‌టాప్ పట్టుకున్నాను. పెన్‌డ్రైవ్ నుంచి విండోస్ 11 సెటప్ మొదలైంది. భాష, కీబోర్డు, ఎడిషన్ అయ్యాయి. ఎక్కడ వేయాలని అడిగే తెర దగ్గర ఖాళీ. కొత్త 512 జీబీ డిస్కు లోపల ఉంది, సెటప్‌కి కనిపించడం లేదు. సార్ వెనకాల నిలబడి "పోయిందా?" అన్నారు.

పోలేదు. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాపుల్లో వీఎండీ అనే కంట్రోలర్ ఆన్‌లో వస్తుంది, డిస్కు దాని వెనకాల ఉంటుంది. ఆ డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో విడిగా పెట్టుకుని, "లోడ్ డ్రైవర్" నొక్కి చూపించాలి. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా ఆ ఫోల్డరు ఇంట్లో ఉన్న ఇంకో పెన్‌డ్రైవ్‌లో వదిలేసి వచ్చాను. అకౌంటెంట్ సిస్టమ్ అరవై శాతంలో ఉంది, దాన్ని కదిలించలేను.

ఇంకో జేబులో మింట్ (లినక్స్‌లో ఒక రకం) పెన్‌డ్రైవ్ ఉంది. పెట్టి బూట్ చేశాను. ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే డెస్క్‌టాప్ వచ్చింది, డిస్కు కూడా కనిపించింది. వీఎండీ డ్రైవర్ లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లోనే ఉంటుంది మరి. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి, ఫోన్ నెట్‌ని ల్యాప్‌టాప్‌కి ఇచ్చే టెథరింగ్ ఆన్ చేసి, ల్యాప్‌టాప్ కంపెనీ సైట్లోంచి జిప్ ఫైలు దించి, విండోస్ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. విండోస్ వేయడానికి లినక్స్ సాయం పట్టిందని సార్‌కి చెబితే నవ్వారు గానీ నాకప్పుడు నవ్వు రాలేదు.

మళ్లీ సెటప్. ఈసారి డిస్కు వచ్చింది, ఫైళ్లు కాపీ అయ్యాయి. రీస్టార్ట్ అయ్యాక నెట్‌వర్క్ అడిగే తెర. వైఫై డ్రైవర్ లేదు, ల్యాప్‌టాప్‌కి నెట్ కేబుల్ పెట్టే పోర్టు కూడా లేదు. హోమ్ ఎడిషన్ సెటప్‌లో ఇంటర్నెట్, మైక్రోసాఫ్ట్ అకౌంటు రెండూ కావాలి. ఇక్కడ కూడా ఫోన్ టెథరింగే ఆదుకుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ని యూఎస్‌బీతో కలిపితే విండోస్ సెటప్ దాన్ని నెట్ కార్డుగా గుర్తిస్తుంది. ఈ ఒక్క చిట్కా తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

ఇక అకౌంటు. సార్‌కి మైక్రోసాఫ్ట్ అకౌంటు ఉంది, పాస్‌వర్డ్ గుర్తులేదు, దానికిచ్చిన ఫోన్ నంబరు ఎప్పుడో మార్చేశారు. కొత్తది తెరిచాం. ఆ తర్వాత పిన్, ప్రైవసీ ప్రశ్నలు, ఫోన్ లింకు, వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ) బ్యాకప్. నేను వన్‌డ్రైవ్ ఫోల్డర్ బ్యాకప్ ఆపేశాను. ఉచితంగా వచ్చేది 5 జీబీ, సార్ డెస్క్‌టాప్ మీద పెట్టుకునే స్కాన్ కాపీలకే అది చాలదు. ఇంకో పని తప్పకుండా చేస్తాను: ఈ కొత్త వెర్షన్లలో మైక్రోసాఫ్ట్ అకౌంటుతో సెటప్ చేస్తే డిస్కు తనంతట తనే ఎన్‌క్రిప్ట్ కావచ్చు, అంటే కీ లేనిదే చదవరాకుండా తాళం పడొచ్చు. దాని 48 అంకెల రికవరీ కీ అకౌంటులో ఉంటుంది. రేపెవరైనా బయోస్‌లో ఏదో కదిపితే ఆ కీ అడుగుతుంది. ప్రింటు తీసి ల్యాప్‌టాప్ బిల్లుతో పాటు ఫైల్లో పెట్టాను.

మొత్తం రెండున్నర గంటలు. నా మతిమరుపు తీసేస్తే గంటన్నర అనుకోండి.

వెనక గది

2007లో పాలిటెక్నిక్‌లో ఉండగా ఉబుంటు సీడీలు ఉచితంగా పోస్టులో తెప్పించుకునేవాళ్లం. విదేశం నుంచి కవరు వచ్చిందంటే హాస్టల్లో పండగే. ఆ పథకం 2011లో ఆగిపోయింది. అప్పట్లో మోడెమ్ పనిచేస్తే సౌండు రాదు, సౌండు వస్తే స్క్రీను సైజు కుదరదు. "లినక్స్ వేయడం కష్టం" అనే మాట ఆ రోజులది. ఇప్పటికీ ఆ మాట అనేవాళ్లలో చాలామంది ఈ మధ్య వేసి చూసినవాళ్లు కాదు.

రెండు ఐ3లకీ ముందు హార్డ్ డిస్కుల బదులు వేగంగా నడిచే 240 జీబీ ఎస్ఎస్‌డీలు పెట్టి, ర్యామ్ 8 జీబీ చేశాను. వేసింది లినక్స్ మింట్ 22.2. ఉబుంటు 24.04 మీద కట్టింది, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. పెన్‌డ్రైవ్ పెట్టిన దగ్గర్నుంచి వాడుకునే డెస్క్‌టాప్ వచ్చేదాకా పద్నాలుగు నిమిషాలు. భాష, కీబోర్డు, పాటలు, వీడియోలు ఆడించే కోడెక్‌లు కావాలా, డిస్కు మొత్తం తుడవాలా, మ్యాపులో ఎక్కడున్నారు, పేరు, పాస్‌వర్డ్. అంతే. అకౌంటు అడగలేదు, నెట్ కూడా అడగలేదు. ఆఫీసు సూటు, బ్రౌజరు అందులోనే వచ్చాయి. రెండోదానికి పన్నెండు నిమిషాలు.

ఇక్కడితో గడియారం ఆపి ఉంటే మింట్ గెలిచినట్టే. అసలు కథ ఇక్కడే మొదలైంది.

వెనక గదికి కేబుల్ లేదు, వైఫై డాంగిల్సే గతి. ఒకటి పెట్టగానే పనిచేసింది. రెండోది వైఫైగా కాక సీడీ డ్రైవులా కనిపించింది. ఈ రకం డాంగిల్ లోపల చిన్న మెమరీలో విండోస్ డ్రైవరు పెట్టి పంపుతారు. మొదట సీడీలా వేషం వేసుకుని వస్తుంది, డ్రైవర్ ఎక్కాక అసలు రూపానికి మారుతుంది. మింట్‌లో ఆ సీడీ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ఎజెక్ట్ అన్నాను. డాంగిల్ మీద లైటు ఒకసారి ఆరి వెలిగింది, పది సెకన్లలో వైఫై పేర్లు వచ్చాయి. డ్రైవర్ కెర్నల్‌లో ముందే ఉంది, వేషం తీయించడమే నా పని. కానీ ఈ సంగతి తెలియని కుర్రాడు ఆ సాయంత్రం డాంగిల్ పారేసి ఇంకోటి కొనుక్కొచ్చేవాడే. ఇలాంటి చోట ఈజీ అన్న మాటకి అర్థం ఏం మిగులుతుంది?

తర్వాత ప్రింటర్. జిరాక్స్ షాపుల్లో, ఆఫీసుల్లో ఏళ్ల తరబడి నలిగే చిన్న లేజర్ ప్రింటర్ రకం ఒకటుంది. దానికి సొంత బుర్ర ఉండదు. పేజీ మొత్తాన్ని చుక్కలుగా మార్చే పని కంప్యూటరే చేసి పంపాలి, ఆ పద్ధతి కంపెనీ డ్రైవరుకే తెలుసు. లినక్స్‌కి తయారీదారు ఎప్పుడో ఇచ్చిన డ్రైవరుంది, అది 32 బిట్ లైబ్రరీలు అడుగుతుంది. వాటిని తెచ్చిపెడితే ఇంకేదో అడిగింది. యాభై నిమిషాలు దానితో కుస్తీ పట్టి వదిలేశాను. ఇది పట్టుకోకుండా ఉండాల్సిన పని, అహం కొద్దీ పట్టుకున్నాను.

ముందు గదిలో వైఫై ఉన్న ఇంక్ ట్యాంక్ ప్రింటర్ ఒకటుందని అప్పుడు గుర్తొచ్చింది. మింట్‌లో ప్రింటర్ల కిటికీ తెరిస్తే అప్పటికే దాని పేరు కూర్చుని ఉంది. నేనేమీ చేయలేదు. ఈ కొత్తరకం ప్రింటర్లు నెట్‌వర్క్‌లో తమ గురించి తామే చెప్పుకుంటాయి, డ్రైవర్ అవసరం ఉండదు. లేజర్ మీదే కావాల్సిన కాగితాలు పీడీఎఫ్ చేసి అకౌంటెంట్ సిస్టమ్‌లోని షేర్ ఫోల్డర్లో వేయమని కుర్రాళ్లకి చెప్పాను. మొదటి ప్రింటు సాయంత్రం ఆరుంబావుకి వచ్చింది. పద్నాలుగు నిమిషాల ఇన్‌స్టాల్ నా కాగితం మీద రెండు గంటలకి దగ్గరైంది.

మాక్

దీని గురించి చెప్పేది తక్కువ. అబ్బాయి పాత డేటాతోనే పంపాడు. మాక్‌ఓఎస్ మాంటెరీ వెర్షన్ నుంచి ఎం1 చిప్ ఉన్నవాటిలో సెట్టింగ్స్‌లోనే అంతా తుడిచేసే బటన్ ఉంది, పెన్‌డ్రైవ్ మాటే లేదు. కానీ తుడవాలంటే అతని పాస్‌వర్డ్ కావాలి, యాక్టివేషన్ లాక్ (పాత యజమాని వదలనిదే ఇంకొకరు వాడుకోలేని తాళం) కూడా అతని అకౌంటు మీదే ఉంది. అతను మీటింగులో ఉన్నాడు. రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ చేసి పాస్‌వర్డ్ చెప్పాడు, తన అకౌంటులోంచి లాక్ తీశాడు. ఆ తర్వాత పావుగంటలో అమ్మాయి పేరుతో సిద్ధం. ఇంక్ ట్యాంక్ ప్రింటర్ దానంతటదే దొరికింది, ప్రింటు కూడా వచ్చింది. నా టైము పావుగంట, వేచి చూసింది ఆరు గంటలు. సెకండ్ హ్యాండ్ మాక్ కొనేవాళ్లు ఈ లాక్ సంగతి డబ్బులివ్వకముందే చూసుకోవాలి, ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు.

అమ్మాయి సీఏ ఇంటర్ చదువుతోంది. "అన్నా, ఇందులో ట్యాలీ ఎలా వేయాలి?" అంది. మాక్‌లో నేరుగా నడవదు. అది ముందే అడగాల్సిన ప్రశ్న, ఎవరూ అడగలేదు. నేను కూడా.

తెలుగు

మూడింటిలోనూ తెలుగు చదవడానికి ఏమీ చేయనక్కర్లేదు. విండోస్‌లో నిర్మల, మాక్‌లో కోహినూర్, మింట్‌లో నోటో ఫాంట్లు తెలుగు అక్షరాల్ని వత్తులతో సహా సరిగ్గా చూపిస్తాయి. టైపు చేయడంలోనే తేడా. విండోస్‌లో లాంగ్వేజ్ సెట్టింగుల్లో తెలుగు కలిపితే ఇన్‌స్క్రిప్ట్ (ప్రభుత్వ ప్రామాణిక లేఅవుట్)తో పాటు, ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు వచ్చే ఫొనెటిక్ కీబోర్డు కూడా ఉంటుంది, 2019 నుంచి. మాక్‌లో కూడా సెట్టింగుల్లోనే కలుపుకోవచ్చు. మింట్‌లో ఇన్‌పుట్ మెథడ్ కిటికీ తెరిచి ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాం, దానికి తోడు భాషల లేఅవుట్లుండే ఎం17ఎన్ ప్యాకేజీ వేసి, ఒకసారి లాగవుట్ అయి వస్తే ఆర్‌టీఎస్ పద్ధతిలో (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు) కొట్టుకోవచ్చు. ఐదారు నిమిషాల పనే, కానీ ఎక్కడుందో తెలిసినవాళ్లకి.

మూడు వారాల తర్వాత

అకౌంటెంట్ సీటు నుంచి ఒక్క ఫోనూ లేదు. సార్ ల్యాప్‌టాప్ నుంచి ఒకటి: పిన్ మర్చిపోయారు.

వెనక గది నుంచి రెండు. మొదటిది నా తప్పు. కుర్రాళ్లు చేసేదంతా బ్రౌజర్ పనే అనుకున్నాను. ఇద్దరిలో ఒకడు మ్యాక్రోలున్న (బటన్ నొక్కితే పని చేసిపెట్టే చిన్న ప్రోగ్రాంలు) ఎక్సెల్ ఫైళ్లు నింపుతాడట, అవి మింట్‌తో వచ్చే ఆఫీసు సూటు లిబ్రాఫీసులో తెరుచుకున్నాయి గానీ బటన్లు పనిచేయలేదు. ఒక పూట పక్కన కూర్చుని వాళ్ల పని చూసి ఉంటే ఇది శనివారం పొద్దున్నే తేలేది. ఆ సిస్టమ్ పాత హార్డ్ డిస్కు తుడవకుండా బీరువాలో పెట్టి ఉంచాను. లైసెన్సు ఉన్న విండోస్ 10 అందులో అలాగే ఉంది. దాన్ని రెండో డిస్కుగా తగిలించి, నెట్ ఆపేసి, ఆ ఎక్సెల్ పనికి మాత్రమే అటు బూట్ చేసుకోమన్నాను.

రెండో ఫోను దాని పర్యవసానమే. "అన్నా, విండోస్‌లో టైము తప్పు చూపిస్తోంది. నేను దిద్దుతాను, మర్నాటికి మళ్లీ అంతే." ఎంత తేడా ఉందిరా అంటే, సాయంత్రం నాలుగున్నరకి పొద్దున పదకొండు చూపిస్తోందన్నాడు. ఐదున్నర గంటలు అనగానే అర్థమైపోయింది. బోర్డు మీద బ్యాటరీతో నడిచే గడియారంలో లినక్స్ యూటీసీ (మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక) టైము రాస్తుంది. విండోస్ అదే గడియారాన్ని చూసి స్థానిక టైమే అనుకుంటుంది. నెట్ ఉంటే కాసేపటికి సర్దుకునేదేమో, నేనే నెట్ ఆపాను. మింట్‌లో స్థానిక టైమే రాయమని చెప్పే ఆదేశం ఒకటుంది, ఒక్క వరస. ఫోన్లోనే అక్షరం అక్షరం చెప్పి కొట్టించాను. "ఎల్ ఫర్ లడ్డు" అని చెబుతుంటే పక్కనున్న వాడి నవ్వు వినిపిస్తూనే ఉంది.

ఇక డీటీపీ అక్క సిస్టమ్. దాన్ని నేను ముట్టుకోలేదు. తెలుగు టైపింగ్‌కి అనూ స్క్రిప్ట్, పేజీలు దిద్దడానికి పేజ్‌మేకర్, ఆవిడ వేళ్లకి ఇరవై ఏళ్లుగా అలవాటైన, యాపిల్ అనే పేరున్న తెలుగు కీబోర్డు లేఅవుట్. ఆ ఫాంట్లు ఎక్కడైనా చదవగలిగే యూనికోడ్‌వి కావు, పాత ఫైళ్లన్నీ వాటిలోనే ఉన్నాయి. 6వ తరం ప్రాసెసర్ కాబట్టి విండోస్ 11 జాబితాలో లేదు, మింట్‌లో ఆ సరంజామా నడవదు. నెట్ కేబుల్ పీకేసి, పెన్‌డ్రైవ్ ఏదైనా ముందు అకౌంటెంట్ సిస్టమ్‌లో స్కాన్ చేసి తెచ్చుకోమన్నాను. "అందరికీ కొత్తవి వేసి నా నెట్ పీకావేంటి తమ్ముడూ, మధ్యాహ్నం సీరియల్ ఎందులో చూడాలి?" అంది. వెనక గదిలో రెండో మింట్ సిస్టమ్ భోజనాల టైములో ఖాళీగా ఉంటుందని చెప్పాను. ఇప్పుడు రోజూ అక్కడే చూస్తోందట.